పొగ పోయింది, పనితనమైనా మిగలాలి

మణికొండలో రైలు పట్టాలు లేవు. రైలు పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం కొదవ లేదు. వారమంతా కోడ్ రాసే కుర్రాళ్లూ, రిటైరై మనవళ్లను ఆడించుకునే పెద్దలూ ఆదివారం టీ కొట్టు దగ్గర కలిశారంటే, మాట ఎక్కడ మొదలైనా వికారాబాద్ లైనుకే చేరుతుంది. వందేభారత్ ఊసే ఉండదు. నల్లటి పొగ కక్కుతూ సిమెంటు గూడ్సు లాక్కెళ్లిన పాత ఆల్కో ఇంజను గురించే గంటసేపు నడుస్తుంది.

పనీపాటా లేని ముచ్చట అని నవ్వేవాళ్లకు ఒక మాట. మనం కాపురముంటున్న ఈ టవర్ల సిమెంటులో కొంత ఆ ఇంజన్ల వెనకే వచ్చింది. తాండూరు, వాడి చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. కార్ఖానాలు అక్కడ, కట్టడాలు ఇక్కడ, రెంటికీ మధ్య నిజాం కాలంలో 1874లో వేసిన లైను. 2003లో ఎంఎంటీఎస్ కోసం లింగంపల్లి దాకా కరెంటు తీగలు లాగారు. ఆ పైన చాలా ఏళ్లు తీగ లేదు. అందుకే హైటెక్ సిటీ స్టేషన్‌లో ఐడీ కార్డు మెడలో వేసుకుని నిలబడ్డవాళ్ల ముందు నుంచే, కరెంటు తీగల కిందే, డీజిల్ గూడ్సులు పోతుండేవి.

ఆ ఇంజన్ల పుట్టిల్లు అమెరికా. న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో డబ్ల్యూడీఎం-2 మన దేశానికి వచ్చింది. 2600 హార్స్‌పవర్, పదహారు సిలిండర్లు. 1964 జనవరిలో వారణాసి కార్ఖానా నుంచి మనవాళ్లు బిగించిన మొదటి ఇంజను బయటికొచ్చింది. 1969లో అమెరికాలో ఆల్కో మూతపడింది. మనం మాత్రం ఆపలేదు. ఆ ఒక్క రకమే రెండున్నర వేలకు పైగా తయారుచేశాం. 1990ల్లో దాన్నే 3100 హార్స్‌పవర్‌కు పెంచి, గూడ్సుల కోసమే డబ్ల్యూడీజీ-3ఏ చేశాం. క్యాబ్ పక్కన కేజెడ్‌జే అని ఉంటే కాజీపేట షెడ్‌ది, జీవై అంటే గుత్తిది, జీటీఎల్ అంటే గుంతకల్లుది. మనిషిని ఇంటిపేరుతో పోల్చుకున్నట్టు ఈ అక్షరాలతోనే ఇంజన్ను పోల్చుకునేవారు అభిమానులు.

వాళ్లను అంతగా కట్టిపడేసిన పొగ సంగతి చూద్దాం. తాండూరు వదిలాక వికారాబాద్ వైపు దారి ఎత్తెక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన నిండు బండిని కదిలించడానికి డ్రైవరు హ్యాండిల్ ఒక్కో నాచ్ పెంచుతాడు. మొత్తం ఎనిమిది నాచ్‌లు. నాచ్ పెరగగానే సిలిండర్లలో డీజిల్ ఎక్కువ పడుతుంది. అది పూర్తిగా మండాలంటే టర్బో గాలి తోయాలి. ఆ టర్బో తిరిగేదేమో ఇంజను వదిలే వేడి పొగతోనే. డీజిల్ ముందు వస్తుంది, గాలి వెనక వస్తుంది. ఆ కాసేపు సగం కాలిన డీజిలంతా మసై పైకి లేస్తుంది. టర్బో అందుకున్నాక పొగ పలచబడుతుంది, సన్నటి కూత మొదలవుతుంది, వెనక వ్యాగన్ల కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటాయి. 1999లో వచ్చిన ఈఎండీ అనే మరో కంపెనీ ఇంజన్లలో ఈ తంటా తక్కువ. వేగం తక్కువున్నప్పుడు వాటి టర్బోను ఇంజనే గేర్లతో తిప్పుతుంది.

అంటే మనం మురిసిపోయింది ఒక లోపాన్ని చూసి. ఒప్పుకుంటే తప్పేం లేదు. కొత్తవలస–కిరండూల్ ఘాట్ సంగతీ ఇంతే. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి, కరెంటు రాకముందు ఈ డీజిళ్లనే జతలు కట్టి నడిపేవారు. అక్కడ లాగడం కన్నా అదుపు చేయడం కష్టం. దిగుడులో మోటార్లనే జనరేటర్లుగా మార్చి, పుట్టిన కరెంటును ఇంజను మీది రెసిస్టర్లలో వేడిగా తగలేసేవారు. నేటి ఎలక్ట్రిక్ ఇంజను ఆ కరెంటును తిరిగి తీగలోకి పంపుతుంది. క్యాబ్‌లో వేడి, మోత, మసి భరించిన డ్రైవర్లను అడిగితే డీజిల్ మళ్లీ రావాలని ఎంతమంది అంటారు? కరెంటు రావడం మంచిదే. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

నా బెంగ షెడ్‌లో ఉన్న విద్య గురించి. పదహారు సిలిండర్లలో ఒకటి మొరాయిస్తే మోత లయ తప్పుతుంది. ఆ సిలిండరు ఏదో చెవితో పసిగట్టే ఫిట్టర్లు ఉండేవారు. లూబ్ ఆయిల్ నమూనాలో లోహపు రజను చూసి లోపల ఏ బేరింగ్ అరుగుతోందో ముందే చెప్పే ల్యాబ్‌లు ఉండేవి. కన్న కంపెనీ మూతపడ్డా ఈ ఇంజన్లు ఇన్ని దశాబ్దాలు నడిచాయంటే ఆ పనితనం వల్లే. ఇప్పుడు కాలం మారింది. అదే వారణాసి కార్ఖానా 2018లో రెండు పాత డబ్ల్యూడీజీ-3ఏలను కలిపి పదివేల హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజనుగా మార్చింది. కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్లకు ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్లు వచ్చాయి. చేతులు కొత్త పని నేర్చుకున్నాయి, మంచిదే. పాత పని మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేకపోతే ఆ తరంతోనే పోతుంది.

ఇంజన్ను స్టేషన్ ముందు దిమ్మె మీద నిలబెట్టి రంగు వేస్తే సరిపోదు. ఆవిరి ఇంజన్ల కోసం హర్యానాలోని రేవారిలో షెడ్ ఉంది, అక్కడివి ఇప్పటికీ నడుస్తాయి. అమెరికాలో స్క్రాంటన్ దగ్గర ఒక చిన్న రైలు కంపెనీ ఆల్కోలతో నేటికీ సరుకు మోస్తోంది, వాటిని చూడటానికి జనం పనిగట్టుకుని వెళ్తారు. దక్షిణ మధ్య రైల్వే కాజీపేటలో ఒక్క గూడ్సు ఆల్కోను నడిచే స్థితిలో ఉంచి, ఏడాదికి నాలుగుసార్లు వికారాబాద్ దాకా తిప్పితే ఖజానా ఏం ఖాళీ కాదు. దానికి మెకానిక్కులు కావాలి కాబట్టి నేర్పేవాళ్లూ, నేర్చుకునేవాళ్లూ వాళ్లంతట వాళ్లే తయారవుతారు.

అభిమానులకూ ఒక పని ఉంది. పొగ ఫొటోలు ఇప్పటికే కొల్లలు. కాజీపేటలోనో మౌలాలిలోనో రిటైరైన ఫిట్టర్‌ను, డ్రైవర్‌ను వెతికి పట్టుకోండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, చెడిపోయిన ఇంజన్ను ఎలా బాగుచేశారో మొదటి నుంచి చివరిదాకా చెప్పించండి. రైల్వే ఇంజను ఇవ్వడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

— మణికొండ వాసి