ఎనిమిదో సర్వర్

కాలేజీ ప్రాజెక్టు చేసినవాళ్లకి ఈ అలవాటు తెలిసే ఉంటుంది. పాత కోడ్‌తో అవసరం తీరిపోయినా డిలీట్ చెయ్యబుద్ధి కాదు. 'ఉండనీలే, ఎప్పుడైనా పనికొస్తుంది' అని వదిలేస్తాం, అటక మీద పాత సామానులా. కాకపోతే సామాను దానంతటది కిందికి దిగిరాదు. కోడ్ దిగొస్తుంది!

అమెరికాలో నైట్ క్యాపిటల్ అని పెద్ద షేర్ ట్రేడింగ్ కంపెనీ ఉండేది. ఆర్డర్లని మార్కెట్‌కి పంపే దాని సాఫ్ట్‌వేర్‌లో 'పవర్ పెగ్' అని ఓ పాత ఫీచర్. 2003లోనే వాడటం మానేశారు, కోడ్ మాత్రం తీసెయ్యలేదు. 2005లో 'ఆర్డర్ పూర్తయింది, ఇక ఆపు' అని చెప్పే భాగాన్ని వేరే చోటికి మార్చారు. ఆ తర్వాత పవర్ పెగ్‌ని మళ్లీ టెస్ట్ చెయ్యలేదు. వాడని దాన్ని ఎవరు టెస్ట్ చేస్తారు లెండి.

2012లో కొత్త ఫీచర్ రాశారు. దాన్ని ఆన్ చెయ్యడానికి, ఒకప్పుడు పవర్ పెగ్‌ని ఆన్ చేసిన ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. కొత్త కోడ్ 8 సర్వర్లలో ఎక్కించాలి. ఏడింటిలో ఎక్కింది, ఒకటి మిగిలిపోయింది. రెండో మనిషి సరిచూడాలన్న రూలే లేదు.

ఆగస్టు 1 ఉదయం మార్కెట్ మొదలైంది. ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ నిద్ర లేచింది. ఆపేవాళ్లు లేరు కాబట్టి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపుతూనే ఉంది. వచ్చినవి 212 ఆర్డర్లు. 45 నిమిషాల్లో జరిగినవి 40 లక్షలకు పైగా లావాదేవీలు. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

మధ్యలో ఇంకో ఘోరం. తప్పు కొత్త కోడ్‌దే అనుకుని, సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్లలోంచీ దాన్ని తీసేశారు. దాంతో వాటిలోనూ పాత దెయ్యం లేచింది.

ఆ ఒక్క సర్వర్ మర్చిపోయిన ఉద్యోగిని తిట్టడం తేలిక. నేనైతే తిట్టను. మనిషన్నాక మర్చిపోతాడు. ఎనిమిదింటిలోనూ ఒకే వెర్షన్ ఉందా అని పోల్చి చూసే చిన్న స్క్రిప్ట్ మర్చిపోదు. ఇక డిలీట్ అంటే భయపడేవాళ్లకి: గిట్‌లో కమిట్ చేసిన కోడ్ తీసేసినా హిస్టరీలో ఉంటుంది. ధైర్యంగా తీసెయ్యండి.

ఇంతకీ ఆ రోజు సిస్టమ్ ముందే చెప్పింది. మార్కెట్ తెరవకముందే ఉద్యోగులకి 97 ఆటోమేటిక్ మెయిల్స్ వెళ్లాయి. వాటిలో ఎర్రర్ ఏంటో తెలుసా? 'పవర్ పెగ్ డిసేబుల్డ్'. అలాంటి మెయిల్స్ అక్కడ మామూలుగా ఎవరూ చూసేవాళ్లు కాదు.