బుద్ధిమంతురాలి సాయంత్రం

బడి వదిలాక మగపిల్లవాడు వీధిలో గొడవలు తెస్తే, ‘తల్లి పనికి పోతే పిల్లలు చెడిపోరా’ అంటారు. తండ్రి ఊసెవరూ ఎత్తరు. అదే వేళ అంట్లు తోమి, నీళ్లు మోసి, తమ్ముణ్ణి చంకనేసుకు తిరిగే ఆడపిల్లకి ‘బుద్ధిమంతురాలు’ అని బిరుదు. ఈ మంచి నడవడి వెనక ఉన్నది జీతం లేని చాకిరీ అంటాను నేను.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరిస్తూ 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నిషేధించారు. కానీ బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని పనుల్లో కుటుంబానికి ‘సాయం’ చేయవచ్చన్నారు. ఆడపిల్ల సాయంత్రమంతా ఆ ఒక్క మాటలోనే మాయమైపోతోంది.

తల్లులకు నీతిబోధలు ఇక చాలు. పనివేళలంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు, చీకటిపడేదాకా తెరిచి ఉండే బడి ఆటస్థలాలు కావాలని అడుగుదాం. ఇంట్లో అంట్లు కొడుకుల చేత కూడా తోమిద్దాం.