ఏ కటకము మేలు?

ఫిల్ము కెమెరాలయందు మక్కువగల విద్యార్థులు "ఏ కటకము శ్రేష్ఠము?" అని తరచుగా మమ్మడుగుచుందురు. ఒక్కటి చాలునని మా యభిప్రాయము.

కటకము ఫిల్ముయొక్క కొలతకు తగినదై యుండవలెను. చిత్రముయొక్క కర్ణమెంతయో నాభ్యంతరము రమారమి యంతయైనచో దృశ్యము సహజముగా దోచును. 24 × 36 మిల్లీమీటర్ల చిన్న ఫిల్మునకు 50, ఆరు సెంటీమీటర్ల చతురస్రమునకు 80, 4 × 5 అంగుళముల పెద్ద ఫిల్మునకు 150 మిల్లీమీటర్ల కటకములు వాడుక యగుట యిందువలననే.

ఫ్రాన్సుదేశీయుడగు కార్టియే బ్రెస్సన్ లైకా కెమెరాతో 50 మిల్లీమీటర్ల కటకమునే విశేషముగా వాడెను. జంటకటకముల రోలైఫ్లెక్సునకు కటకమును మార్చు వీలే లేదు. అయినను దానితో ప్రసిద్ధచిత్రము లెన్నియో తీయబడినవి. 1902లో పాల్ రుడాల్ఫు రూపొందించిన టెస్సారు కటకమునందు గాజుబిళ్లలు నాలుగే. శతాబ్దము గడచినను దాని నాదరించువారు కలరు.

దూరముననున్న పక్షికిని, ఇరుకు గదికిని వేఱు కటకములు వలయును గదా యని కొందరందురు. నిజమే. కాని యవసరము తెలిసిన పిమ్మటనే వానిని కొనుట యుక్తము. ఒకే కటకముతో నభ్యసించువాడు దృశ్యమునకై తానే ముందునకు, వెనుకకు నడచును. కెమెరా నెత్తకమునుపే చిత్రపు టంచులను కంటితో నెఱుగును. కటకములు మార్చుచుండువానికి ఈ నేర్పు ఆలస్యముగా నబ్బును.

తలిదండ్రులారా, బిడ్డలు రెండవ కటకమునకై మారాము చేసినచో, ఆ సొమ్ముతో ఫిల్ము కొనియిండు. ఫిల్ము నేడు ప్రియమైన వస్తువు. కావున బాలకులు ప్రతిచిత్రమును ఆలోచించి తీయుదురు. ఆ యాలోచనయే వారికి మిగులు విద్య.