ఆటల గంటను లాక్కోవద్దు

మన ప్రాథమిక పాఠశాలల్లో గోడకు అతికించిన టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది. ఆ వేళకు చాలా బడుల్లో పిల్లలు లెక్కలు చేస్తూనో, మిగిలిపోయిన నోట్సు రాసుకుంటూనో కనిపిస్తారు. సిలబస్ వెనకబడితే ముందుగా పోయేది ఆటే. తరగతిలో అల్లరి జరిగితే రద్దయ్యేదీ ఆటే. హోంవర్కు చేయని పిల్లవాణ్ని ఇంటర్వెల్‌లో బయటికి పంపరు. ఇదంతా చిన్న విషయమని తీసేయడానికి వీల్లేదు. ఆరేళ్ల నుంచి పదేళ్ల వయసులో పిల్లలు తోటివాళ్లతో కలిసి మెలగడం నేర్చుకునేది ఆ కాస్త సమయంలోనే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు రోజుకు ఒక గంట ఆటను తప్పనిసరి చేస్తూ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. సర్కారు బడికీ, ప్రైవేటు బడికీ ఒకటే నియమం ఉండాలి. ఆ గంటను మరో పనికి వాడుకునే అధికారం టీచరుకూ ఉండకూడదు, యాజమాన్యానికీ ఉండకూడదు.

ఆటలో పిల్లలు ఏం నేర్చుకుంటారని అడిగేవాళ్లు ఏడు పెంకులాట జరిగేచోట పది నిమిషాలు నిలబడి చూడాలి. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ జట్లు పంచుకుంటారు. చివరికి మిగిలిన పిల్లవాడి ముఖం చిన్నబోతుంది. అది గమనించి ఎవరో ఒకరు "మా వైపు రారా" అంటారు. బంతి వీపుకు తగిలిందా, పక్కనుంచి పోయిందా అన్నదాని మీద గొడవ మొదలవుతుంది. తొండి, తొండి అని అరుపులు. చూసినవాళ్లను సాక్ష్యం అడుగుతారు, అయినా తేలకపోతే మళ్లీ వేయమంటారు. ఒకడు అలిగి, మీతో జట్టు లేదు పొమ్మని చెట్టు కింద కూర్చుంటాడు. తాను లేకుండానే ఆట సాగుతుంటే కాసేపటికి తనే లేచి వస్తాడు, వచ్చినవాణ్ని ఎవరూ ఏమీ అనరు. అక్క వెంట వచ్చిన చిన్నపిల్లను ఆటలో అరటిపండు చేస్తారు. ఆ పాప అందరితోపాటు పరిగెత్తొచ్చు, బంతి పట్టుకోవచ్చు, ఔటు మాత్రం ఉండదు. చేతకానివాళ్లను కలుపుకుపోవడానికి ఇంత చక్కటి నియమాన్ని ఏ విద్యాశాఖా తయారుచేసి ఇవ్వలేదు. పిల్లలే పెట్టుకున్నారు, తరువాతి పిల్లలకు అందించారు.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే జెనీవా, న్యూషటెల్ పట్టణాల పిల్లలను గోళీలాట గురించి ఓపిగ్గా ప్రశ్నించి, తాను గమనించింది 1932లో పుస్తకంగా వెలువరించాడు. తనకు ఆట తెలియనట్టు నటిస్తూ, ఈ నియమాలు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగేవాడు. చిన్నవాళ్లు అవి పెద్దలు పెట్టినవనీ, మార్చకూడదనీ గట్టిగా చెప్పారు. పది దాటినవాళ్లు మాత్రం అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఈ మార్పు పెద్దల ఆజ్ఞలతో వచ్చింది కాదనీ, సమాన వయసువాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో వచ్చిందనీ పియాజే తేల్చాడు. తరగతి గదిలో టీచరు మాటే చివరి మాట. మైదానంలో అలా కాదు, అక్కడ ఎదుటివాణ్ని ఒప్పించాలి లేదా తాను తగ్గాలి. రేపు గ్రామసభలో కూర్చోవలసిన మనిషికి కావలసిన తొలి శిక్షణ ఇదే.

విలువల పాఠాలు ఉన్నాయి కదా అని కొందరు అనొచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో విద్యార్థుల నైతిక విలువల కోసం ప్రత్యేకంగా సలహాదారునే నియమించింది. మంచి మాటలు వినడం మంచిదే. అయితే ఓడిపోయి కూడా మర్నాడు మళ్లీ ఆటకు రావడం, తప్పు తనదైతే ఒప్పుకోవడం ప్రసంగాలు వింటే వచ్చేవి కావు. అవి అలవాటుతో రావాలి, ఆ అలవాటుకు రోజూ చోటుండాలి.

చట్టం ఈ విషయంలో మరీ మౌనంగా ఏమీ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ప్రతి తరగతికీ ఆట సామగ్రి అందించాలంది. హర్యానాలోని ఒక గ్రామంలో బడికి ఉద్దేశించిన స్థలం ఆక్రమణకు గురైన కేసులో సుప్రీంకోర్టు 2023 మార్చిలో తీర్పునిస్తూ, ఆటస్థలం లేకుండా పాఠశాల ఉండటానికి వీల్లేదని స్పష్టం చేసింది. మరుసటి ఏడాది కేరళ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఆటస్థలం లేని బడులను మూసేయడానికి కూడా ప్రభుత్వం వెనకాడకూడదంది. ఇక్కడ హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో వీధుల వెంట నడిచి చూస్తే అపార్టుమెంటు లాంటి భవనాల్లో నాలుగైదు అంతస్తుల బడులు కనిపిస్తాయి. పిల్లలు మెట్లు దిగి నేరుగా బస్సు ఎక్కేస్తారు. గుర్తింపు పునరుద్ధరణ ఫైలు మీద సంతకం పెట్టే అధికారి ఆటస్థలం ఎక్కడుందో కళ్లతో చూసి పెట్టాలి.

చట్టంలోనూ ఒక లోటు ఉంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని నియమించాలన్న నియమం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే, అదీ వందమంది పిల్లలు దాటిన బడులకే వర్తిస్తుంది. ప్రాథమిక పాఠశాలకు ఆ ఏర్పాటు లేదు. పాఠాలు చెప్పే టీచరే ఆడించాలి, హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి, యాప్‌లో వివరాలు నింపాలి.

ఆ టీచరు కూడా ఒక్కరే అయితే? కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. ఒక్క విద్యార్థి కూడా లేని బడుల వరుసలో తెలంగాణ 2,245తో పశ్చిమ బెంగాల్ తరువాతి స్థానంలో నిలిచింది. ఈ అంకెలు వెలువడినప్పుడల్లా చర్చ టీచర్ పోస్టుల దగ్గరే ఆగిపోతుంది. పిల్లల వైపు నుంచి చూసేవాళ్లు తక్కువ. ఐదు తరగతులకూ కలిపి పదిమంది ఉన్న బడిలో నాలుగో తరగతి అమ్మాయికి తన ఈడు నేస్తం ఒక్కరూ ఉండకపోవచ్చు. రెండు జట్లు కట్టడానికి పిల్లలు చాలరు. ఉన్న టీచరు మీటింగుకు వెళితే బడే ఉండదు.

2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అనేక ఊళ్ల బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలే మిగిలారు. పెద్ద పిల్లలను చూసి చిన్నపిల్లలు నేర్చుకునే అవకాశం అక్కడ పోయింది. 2025లో ప్రభుత్వం ఆ విధానాన్ని వదిలి, తరగతికి ఒక టీచరు చొప్పున ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లను తెచ్చింది. ఇది సరైన దారి. అయినా దూరం వల్ల అక్కడికి చేరలేని చిన్న బడులు కొండ ఊళ్లలో, తండాల్లో ఉండనే ఉంటాయి. వాటిని మూసేయమని ఈ పత్రిక అనడం లేదు. స్కూల్ కాంప్లెక్సులు ఇప్పటికే ఉన్నాయి. టీచర్ల సమావేశాలకు పనికొచ్చే ఆ ఏర్పాటు పిల్లల కోసమూ పనికిరావాలి. వారంలో ఒక పూట చుట్టుపక్కల చిన్న బడుల పిల్లలను ఒకచోట చేర్చి ఆడించాలి, కలిపి భోజనం పెట్టాలి. అందుకు కావలసిన ఆటో ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

కలిసి పెరగడం అంటే ఒకే రకం పిల్లలు కలిసి పెరగడం అని కూడా అనుకోకూడదు. కొన్ని ప్రైవేటు బడులు ప్రాథమిక తరగతుల్లోనే టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అంటూ మార్కులను బట్టి సెక్షన్లు విడదీస్తున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడు తాను 'బి' సెక్షన్ వాడినని చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఐదో తరగతి వరకు ఇలాంటి విభజనను నిషేధించాలి.

దీనికి సంబంధించి ఢిల్లీలో జరిగిన ఒక పరిశోధన ప్రతి ప్రైవేటు బడి యజమానీ చదవదగ్గది. 2007 నుంచి అక్కడి ఖరీదైన బడులు కొన్ని పేద పిల్లలకు ఉచితంగా సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు ఆ బడుల్లోని ధనిక పిల్లలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఒక ప్రయోగంలో రిలే పరుగుకు తోడును ఎంచుకోమన్నారు. ఎవరు వేగంగా పరిగెత్తుతారో పిల్లలు ముందే కళ్లారా చూశారు. పేద పిల్లలతో కలిసి చదవని వాళ్లలో కొందరు, వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్ని వదిలి తమలాంటి నెమ్మదైనవాణ్ని ఎంచుకున్నారు. ఒకే తరగతిలో పేద పిల్లలతో కలిసి చదివినవాళ్లలో ఈ వివక్ష బాగా తగ్గింది. వాళ్లు ఇతరులకు సాయం చేయడానికీ ఎక్కువగా ముందుకొచ్చారు. ఇంగ్లిష్ మార్కుల్లో కొద్దిపాటి తగ్గుదల తప్ప చదువుకు పెద్ద నష్టమేమీ కనబడలేదు.

విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, బలహీనవర్గాల పిల్లలకు ఇవ్వమంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి అమలు మొదలైంది. తెలంగాణలో ఇది ఏళ్ల తరబడి కాగితాల్లోనే ఉండిపోయింది. ఆ పిల్లలను చేర్చుకుని విడిగా కూర్చోబెడితే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుంది.

తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని సర్వేలు చెబుతుంటే గంటసేపు ఆటేమిటని అడుగుతారు. అమెరికా పరిశోధకుడు జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో ఇందుకు తగిన ఆధారం చూపింది. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, స్నేహం నిలుపుకోవడం, గొడవ పరిష్కరించుకోవడం వంటివి నేర్పే 213 పాఠశాల కార్యక్రమాలను, 2,70,000 మందికి పైగా పిల్లల వివరాలతో కలిపి పరిశీలిస్తే, అందులో పాల్గొన్నవాళ్లు చదువులోనూ సగటున 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు. ఆ కార్యక్రమాలు ఉత్త ఆటలు కావన్నది నిజమే. తోటివాళ్లతో కుదురుగా ఉండగలిగిన పిల్లవాడు పాఠం మీదా మనసు పెట్టగలడని మాత్రం అవి గట్టిగానే చెబుతున్నాయి.

ఆట గంట అంటే గేటు వేసి పిల్లలను వదిలేయడం కాదు. అలా వదిలేస్తే పెద్ద మగపిల్లలు క్రికెట్ బ్యాటుతో మైదానమంతా ఆక్రమిస్తారు, ఆడపిల్లలు తొక్కుడు బిళ్లతో గోడ వారకు సర్దుకుంటారు, కాలు బాగాలేని పిల్లవాడు మెట్ల మీద కూర్చుంటాడు. టీచరు అక్కడే ఉండాలి. గొడవ రాగానే తీర్పు చెప్పకుండా వాళ్లనే తేల్చుకోనివ్వాలి. ఒకరిని అందరూ కలిసి ఏడిపిస్తున్నప్పుడు మాత్రం వెంటనే కలగజేసుకోవాలి. ఇది అనుభవంతో వచ్చే నేర్పు, టీచర్ల శిక్షణలో దీనికి ఒక పూర్తి రోజు కేటాయించాలి. శిక్షగా ఆట మానిపించడాన్ని శారీరక, మానసిక వేధింపును నిషేధించిన 17వ సెక్షన్ కిందికే తేవాలి.

మధ్యాహ్న భోజనమూ ఇలాంటి అవకాశమే. బడుల్లో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఈ పథకం ఎన్నో ఊళ్లలో అన్ని వాడల పిల్లలనూ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి, గుమ్మంలోకి వచ్చినవాళ్లందరికీ వేళ చూడకుండా వండిపెట్టిన డొక్కా సీతమ్మ పేరే ఉంది. టీచర్లూ అదే వరుసలో కూర్చుని తినాలి.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. బడికి నాలుగు బంతులు, తాళ్లు, రింగులు, గీతలకు సుద్దపొడి చాలు. ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. మార్కులతోపాటు బిడ్డ ఎవరితో ఆడుతున్నాడు, ఎవరూ ఆడనివ్వక ఒంటరిగా ఉంటున్నాడా అని తల్లిదండ్రులు అక్కడ అడగాలి, టీచరు జవాబు చెప్పగలగాలి. ప్రభుత్వాల ఉత్తర్వు జూన్‌లో బడులు తెరిచేలోపే రావాలి. తనిఖీకి వెళ్లే ఎంఈవోలు ఆ గంటకే వెళ్లాలి, రిజిస్టరు అడగడానికి ముందు మైదానంలో పిల్లలున్నారో లేదో చూసి నివేదికలో రాయాలి.