నావకి దుప్పటి కప్పకండి మహాప్రభో!

తాటిపాక వైపు ఊళ్ళున్న మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ కల ఉంటుంది. దిండిలో హౌస్‌బోట్లు చూసొచ్చాక అది మరీ ముదురుతుంది. ఓ పాత చెక్క నావ కొనాలి, తెరచాప మార్చాలి, లోపల చిన్న గది కట్టించి ఏసీ పెట్టాలి, వశిష్ఠ మీద షికారు చెయ్యాలి. బావుంది, కాదనను. నా గొడవంతా ఆ గది గోడల్లో దట్టించే ఫోమ్ గురించే.

యూట్యూబులో తెల్లదొరలు చేస్తున్నారు కదా అంటారు. బాబూ, వాళ్ళది చలిదేశం. లోపలి వెచ్చదనం బయటికి పోకూడదని వాళ్ళ బాధ. మనకి అంతా తలకిందులు. తేమ బయట, ఏసీ లోపల. ఆ తేమగాలి షీట్ల సందుల్లోంచి దూరి, చల్లబడ్డ లోపలి పలక వెనక నీరవుతుంది. గాలాడని చెక్క అక్కడే కుళ్ళుతుంది. పైకి మాత్రం రంగు నిగనిగ!

చవక అని థర్మోకోల్ పెడతారా? ఫైబర్ పనికి వాడే పాలియెస్టర్ రెజిన్ తగిలితే అది కరిగిపోతుంది. పీవీసీ వైరు దానికి ఆని ఉంటే, ఏళ్ళు గడిచేకొద్దీ తొడుగు పెళుసెక్కి పగులుతుంది. పక్కనే బ్యాటరీ. తర్వాతి కథ మీరే ఊహించుకోండి. పోనీ పఫ్? అంటుకుంటే కార్బన్ మోనాక్సైడుతో పాటు సైనైడ్ వాయువు కూడా వస్తుంది. చిన్న గది, ఒక్కటే తలుపు. మంటకంటే ముందు పొగే మనిషిని చంపుతుంది.

నిప్పంటే ఏంటో మనకి ఒకళ్ళు చెప్పాలా? 2014 జూన్ 27న తాటిపాక పక్కనే నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా పోయారు. 2023 నవంబర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్లో పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి. ఇవన్నీ చూసి కూడా "ఫైర్ రిటార్డెంట్ అని రాసుంది కదా" అంటే ఎలా? ఆ మాటకి అర్థం త్వరగా అంటుకోదని, అసలు కాలదని కాదు. టెస్ట్ కేసులు పాసయ్యాయి కాబట్టి ప్రొడక్షన్లో బగ్గులుండవంటే మీరు ఒప్పుకుంటారా?

మరేం చెయ్యాలంటారా? ముందు నీడ. గది పైన జానెడు ఎత్తులో గుడ్డ పందిరి, పైకప్పుకి తెల్ల రంగు, ముందూ వెనకా కిటికీలు. అప్పటికీ చాలకపోతే పైకప్పుకి మాత్రం, ఏసీ డక్టులకి చుట్టే నైట్రైల్ రబ్బరు షీటు, అదీ మంట పరీక్ష సర్టిఫికెట్ చూసి. వైర్లు పైపుల్లోంచే వెళ్ళాలి, ప్రతి సర్క్యూట్‌కీ ఫ్యూజు ఉండాలి. బయటపడటానికి రెండో దారి ఉండి తీరాలి. నావ అడుగు పలకలకి మాత్రం ఏమీ అంటించొద్దు. అవి ఎప్పుడూ కంటికి కనపడుతుండాలి.

థర్మోకోల్ని ఐసు పెట్టెలో ఉండనివ్వండి, చేపల కోసం. మనుషులు పడుకునే చోట దానికేం పని?