వంటయింటి ముచ్చటలు: చేయి మఱవని విద్య



పెండ్లికి ముందో, పిల్లలు చిన్నవారై యున్నపుడో ముచ్చటపడి కేకులు, బిస్కత్తులు కాల్చినవారు మనలో పెక్కుమంది కలరు. పిమ్మట సంసారభారము, పెద్దల సేవ, ఉద్యోగము, ఊళ్లు మాఱుట, వీనిచే ఆ పని మూలబడును. పదునైదేండ్లో ఇరువదియేండ్లో గడచి, పిల్లలు చదువులకు వెడలిపోగా, తీఱిక చిక్కి ఆ ముచ్చట మఱల తలయెత్తును. ఆ వెంటనే “ఇంక నాచేత నగునా?” యను శంకయు పుట్టును. ఈ మాసమున మేము వ్రాయునది అట్టివారి కొఱకే.

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరెఱిగినదే. రూపము మాఱి బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న నలుని దమయంతి కంటితో గుర్తింపజాలకపోయెను. అతడు వండినదానిని తెప్పించి రుచి చూచి, ఇది నలపాకమే యని తెలిసికొనెను. రాజ్యము పోయినది, రూపము పోయినది, ఏండ్లు గడచినవి. చేతిలోని విద్య మాత్రము పోలేదు. మనకును అంతే. పాతబడునది చేయి కాదు, అలమరలోని సామగ్రి. ఈ భేదము తెలియకపోవుటచే, మొదటినాడు కేకు పొంగకున్నంతనే “నా చేయి చెడినది” యని తలంచి కొందఱు మఱల ఆ పని ముట్టరు. ఏండ్లనాటి డబ్బాలోని పొడి చేసిన నేరమునకు ఇల్లాలు శిక్ష ననుభవించుట న్యాయమా?

కావున మొదట సామగ్రిని పరీక్షింపుడు. చెంచాడు బేకింగు పౌడరును అఱగ్లాసు వేడినీళ్లలో వేయుడు. బుసబుస పొంగినచో మంచిది, ఊరకున్నచో పాఱవేయుడు. వంటసోడాను నిమ్మరసములో వేసి అట్లే చూడుడు. ఈస్టును చిటికెడు చక్కెరతో గోరువెచ్చని నీళ్లలో కలిపి 10 నిమిషము లుంచుడు. నురుగు కట్టినచో ప్రాణమున్నది. నీళ్లు చేయి కాలునంత వేడిగ నున్నచో మంచి ఈస్టు కూడ చచ్చును. ముడిగోధుమపిండిలో మొలకభాగపు నూనె యుండుటచే అది మైదాకంటె త్వరగ మక్కిపోవును. వాసన చూచి వాడుడు.

ఈ బేకింగు పౌడరు కూడ ఒక యిల్లాలి కొఱకు పుట్టినదే. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వర్తకుడు, తన భార్యకు ఈస్టు పడకపోవుటచే, అది లేకయే రొట్టె పొంగు ఉపాయము వెదకి 1843లో దీనిని కల్పించెను.

తరువాత ఓవెను. నలునకు గుప్పెడు గడ్డిని ఎండకు చూపినంతనే అగ్ని పుట్టెనట. మన ఓవెను మాత్రము లోనికి పళ్లెము పంపుటకు ముందు 10, 15 నిమిషములు కాగవలెను. చాలకాలము మూలనున్నదైనచో తీగయు ప్లగ్గును పరీక్షింపించి, ఒకమాఱు వట్టిగా కాచి చూడుడు. కేవలము మైక్రోవేవు మాత్రమే యున్న యంత్రమున బిస్కత్తు ఎఱ్ఱవాఱదు. కన్వెక్షను ఏర్పాటు ఉండవలెను.

ఇంక ఏమి కాల్చవలెను? బడి మాని మఱల వచ్చిన పిల్లవానికి మా యింటివారు మొదట పాతపాఠమే చెప్పుదురు, క్రొత్తపాఠ మెత్తరు. మనమును పొరలకేకుల జోలికి పోక, నాన్ ఖటాయితో మొదలుపెట్టుదము. దీనికి గ్రుడ్లు వలదు, ఈస్టు వలదు, గిలకొట్టు యంత్రమును వలదు.

మైదా 150 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, పేరిన నెయ్యి 120 గ్రాములు, చక్కెర పొడి 100 గ్రాములు, బేకింగు పౌడరు అఱచెంచా, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. గిన్నెలతో కొలువక త్రాసుతో తూచుడు. ఒక యింటి గిన్నె మఱియొక యింటి గిన్నెకు సరిపోలదు. నెయ్యిని కరగింపరాదు. నెయ్యి, చక్కెర తెల్లబడువఱకు చేతితో మెదిపి, జల్లించిన పిండ్లు, తక్కినవి కలిపి ముద్ద చేయుడు. పిసుకరాదు. ముద్ద విడిపోవుచున్నచో చెంచాడు నెయ్యి చేర్చుడు. పావుగంట చల్లనిచోట నుంచి, నిమ్మకాయంత యుండలు చేసి, కొంచెము నొక్కి, ఎడమెడముగ నమర్చుడు. 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 15 మొదలు 18 నిమిషములు చాలును. ఇరువదింటికి తక్కువ కావు.

మొదట రెండింటిని మాత్రమే కాల్చి చూడుడు. అవి పఱచుకొనిపోయినచో మిగిలిన ముద్దను ఇంకను చల్లబఱచుడు. పైభాగము తెల్లగనే యుండి, అడుగు బంగారువన్నె తిరిగినంతనే తీయుడు. వేడిలో మెత్తగ నుండును; ఉడుకలేదని భయపడి మఱల లోపల పెట్టరాదు. చల్లారిన కొలది గట్టిపడి నోట వేసినంతనే కరగును.

ఓవెను లేనివారు అడుగు మందముగల గిన్నెలో ఉప్పు పఱచి, దానిపై చిన్న స్టాండు నిలిపి, మూతపెట్టి 10 నిమిషములు కాచి, ఆ పిమ్మట పళ్లెము దించి సన్నసెగపై 25 నిమిషముల వఱకు కాల్చవచ్చును.

ఇవి కుదిరిన వారమునకు కేకు నెత్తుకొనుడు. వెన్న, చక్కెర, గ్రుడ్లు, మైదా నాలుగును సమతూకము. జ్ఞాపకముంచుకొనుటకు ఇంతకంటె సులువైన లెక్క లేదు. క్రొత్త బేకింగు పౌడరు డబ్బా తెఱచిననాడు దాని మూతపై తేదీ వ్రాసి యుంచుడు. మఱల ఎన్నడైన కేకు పొంగకున్నచో, మీ చేతిని నిందించుటకు ముందు ఆ మూతను చూడుడు.