సీసాలో పెరిగిన ఆర్కిడ్

నిరుడు ఏప్రిల్‌లో చీటీ డబ్బుల్లోంచి కాస్త తీసి ఆర్కిడ్ పిల్ల మొక్కల సీసా ఒకటి కొన్నాను. జామ్ సీసా అంత ఉంటుంది. అడుగున జున్నులా గట్టిపడిన జెల్లీ, దాని మీద చిటికెన వేలంత మొక్కలు ఇరవై. "మూత తీసి కుండీల్లో పెట్టేయండమ్మా, అంతే" అన్నాడు అమ్మినతను. పెట్టేశాను. మా మేడ్చల్ ఎండ సంగతి చెప్పాలా! మూడో రోజుకే ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. వారం తిరక్కుండా ఇరవైకి ఇరవై పోయాయి. "చీటీ పాడి కుండీలో పోశావన్నమాట" అని మా వారు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి ఏడుపొచ్చింది.

మా పక్కింటి అమ్మాయి శామీర్‌పేట వైపు ఓ టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పని చేస్తుంది. నాలాగే ఇంటర్ బైపీసీ. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "చిన్నమ్మా, పురిటి బిడ్డను ఎవరన్న ఎండల పండవెడ్తరా?" అంది.

ఆ పిల్ల చెబుతుంటే నాకు ల్యాబ్ కాదు, మన వంటిల్లే కనిపించింది. ఆర్కిడ్ కాయ ఒక్కదానిలో లక్షలకొద్దీ గింజలుంటాయట, పౌడర్‌లా. పెసర గింజకి మొలకెత్తడానికి బద్దలో తిండి ఉంటుంది కదా, వీటికి అదేమీ ఉండదు. అడవిలో ఒక రకం బూజు పక్కన చేరి తిండి పెడితేనే మొలక వస్తుంది. ఆ బూజు లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని అమెరికాలో నడ్సన్ అనే ఆయన 1922లో చూపించాడు. 1960లో ఫ్రాన్సులో మోరెల్ అనే ఆయన మొక్క చిగురు కొసని కత్తిరించి, దాన్నుంచే బోలెడు మొక్కలు తీశాడు. గింజ మొక్కలు ఒక తల్లి పిల్లల్లా తలో తీరుగా ఉంటాయి. చిగురు మొక్కలు మాత్రం దాదాపు అచ్చం తల్లే.

ఆ జెల్లీ ఏమిటనుకున్నారు? అగర్. మనం పుడ్డింగులో వేసే చైనా గ్రాసే! దానిలో చక్కెర, లవణాలు వేస్తారు. కొందరు కొబ్బరినీళ్లు, అరటిపండు గుజ్జూ కలుపుతారు. తర్వాత సీసాల్ని పెద్ద కుక్కర్‌లాంటి దానిలో 121 డిగ్రీల వేడి మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఉడికిస్తారు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. అక్కడా అంతే. ఒక్క బూజు కణం పడితే చాలు, సీసా మొత్తం పారేయాల్సిందే. అందుకే ఆ పిల్ల నోటికి గుడ్డ కట్టుకుని, చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, వడగట్టిన గాలి వీచే బల్ల ముందు కూర్చుని గంటల తరబడి పట్టకారుతో ఒక్కో మొక్కనీ మారుస్తుంది. నడుం పట్టేస్తుందట పాపం.

సీసాలో మొక్కకి 25 డిగ్రీల చల్లదనం, ఎప్పుడూ తేమ, పక్కనే చక్కెర. దాంతో ఆకు మీద మైనంపూత సరిగా పట్టదు. ఆకు రంధ్రాలకి మూసుకోవడం రాదు. బయటి గాలి తగలగానే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది. నా ఇరవై మొక్కలూ చచ్చింది అందుకే.

జూలైలో వానలు పడ్డాక ఇంకో సీసా తెచ్చుకున్నాను, పద్దెనిమిది మొక్కలది. ఈసారి ఆ అమ్మాయి దగ్గరుండి చేయించింది. సీసాని తెరవకుండా పది రోజులు వరండా నీడలో ఉంచాం. తర్వాత మొక్కల్ని మెల్లగా తీసి, వేళ్లకి జెల్లీ పిసరంత కూడా మిగలకుండా కడిగాం. తీపి మిగిలితే బూజు పడుతుంది మరి. మట్టి మాత్రం వద్దు. కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు నానబెట్టి, చిన్న గ్లాసులకి అడుగున చిల్లులు పెట్టి వాటిలో నాటాం. పైన పాలిథిన్ కవరు కప్పి, రోజుకో కాస్త తెరుస్తూ పోయాం. కవరు పూర్తిగా తీయడానికి నెల పైనే పట్టింది. మా బోరు నీళ్లకి గిన్నెలే తెల్లబడతాయి, అందుకని వాన నీళ్లు పట్టి చల్లాను. ఎరువు కూడా ఓపిక పట్టి, కొత్త వేరు కనిపించాకే, చాలా పలచగా.

అన్నట్టు, మా అమ్మ వాళ్ల ఊళ్లో మామిడి చెట్టు కొమ్మ మీద బదనిక ఉండేది. అదీ ఆర్కిడే, వాండా అంటారు. నాటు వైద్యానికని ఎవరో ఒకరు పీక్కుపోతుండేవాళ్లు, ఇప్పుడు ఒక్కటీ లేదు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోని నీలి వాండా కూడా అలాగే పీకేస్తుంటే తరిగిపోయింది. మన దేశంలో చట్టం దాన్ని కాపాడుతోంది. అందుకే ఎవరైనా చెట్టు నుంచి పీకిన ఆర్కిడ్ అమ్మజూపితే నేను కొనను. సీసా మొక్క ఎంత మొండికేసినా సరే.

పద్దెనిమిదిలో పదకొండు బతికాయి. పువ్వుల సంగతి అప్పుడే అడక్కండి, ఇంకా రెండు మూడేళ్లు పడుతుందట. నిన్న పొద్దున ఒకదానికి బొగ్గు ముక్కని కరుచుకుని కొత్త వేరొకటి వచ్చింది, కొన పచ్చగా. ముందు చూసింది మా వారే, కాఫీ గ్లాసు పట్టుకుని.